మన గోదావరి వెంట సముద్రం దాకా

వేసవి జలయాత్రలో మేము చూసినవి, మీకు పనికొచ్చేవి

ఎండలు ముదిరేసరికి మన ఓ.పి.లో మందుల చీటీతో పాటు ఇంకో ప్రశ్న కూడా వినబడుతుంది. "సిస్టరమ్మా, పిల్లలకు సెలవులొచ్చినయి. గోదావరి మీద పడవల పోయి సముద్రం చూసి రావాలని ఉన్నది. ఈ బి.పి.తోటి, ఈ దమ్ముతోటి పోవచ్చునా?" అని అడుగుతారు. పోవచ్చు అని అందరికీ ఒకే మాట చెప్పలేము. వద్దు అని చెప్పడం సులభమే కాని అది న్యాయం కాదు. ముప్పై ఏళ్ళు బాయిలో పని చేసి రిటైరైన మనిషి ఒక్కసారి సముద్రం చూడాలనుకోవడంలో తప్పేముంది?

అందుకని గత వేసవిలో మేమే ఒక యాత్ర ఏర్పాటు చేసుకున్నాము. ఆసుపత్రి నర్సింగ్ సిబ్బంది 11 మంది, మా దగ్గర ఏళ్ళ తరబడి వైద్యం పొందుతున్న రిటైర్డ్ కార్మిక దంపతులు 9 జంటలు, మొత్తం 29 మందిమి అయిదు రోజులు తిరిగి వచ్చాము. రాజమండ్రి, ధవళేశ్వరం, పాపికొండలు, నర్సాపురం, అంతర్వేది, యానాం, కోరంగి, కాకినాడ చూశాము. పోయేముందు చేసుకున్న ఏర్పాట్లు, దారిలో ఎదురైన ఇబ్బందులు, అక్కడ తెలుసుకున్న సంగతులు మన పాఠకులకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

బొగ్గుకూ పడవకూ పాత చుట్టరికం

మన గోదావరిఖని పేరులోనే గోదావరి ఉన్నది. మహారాష్ట్రలో త్ర్యంబకం దగ్గర పుట్టిన ఈ నది సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. మనం రోజూ చూసే నీళ్ళే కింద కోనసీమను పండిస్తున్నాయి. అయితే ఒకప్పుడు సముద్రం నుంచి మన ప్రాంతం మీదుగా పైకి స్టీమర్లు నడపాలని గట్టి ప్రయత్నం జరిగిందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

సర్ ఆర్థర్ కాటన్ దొరగారు ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేయించారు. ఆ తరువాత గోదావరిని నాగపూర్ వైపు పత్తి ప్రాంతాల దాకా నావలు నడిచే దారిగా మార్చాలని ఇంగ్లీషు ప్రభుత్వం పని చేపట్టింది. దారిలో రాళ్ళు అడ్డం వచ్చే చోట్లు మూడు. ఒకటి భద్రాచలం పైన దుమ్ముగూడెం, రెండవది ఇంద్రావతి కలిసే చోట ఇచ్చంపల్లి, మూడవది ప్రాణహిత మీద దేవలమర్రి. దుమ్ముగూడెంలో కట్టిన ఆనకట్టను ఇప్పటికీ చూడవచ్చు. ఖర్చు పెరిగిపోవడంతో 1871లో ఆ పథకాన్ని వదిలేశారు. అదే 1871లో డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నారు. నావల దారి మూతబడిన ఏడే బొగ్గు దారి తెరుచుకుంది. 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది.

పోయేముందు పరీక్షలు

యాత్రకు 11 జంటలు పేర్లు ఇచ్చారు. అందరినీ పది రోజుల ముందే పిలిచి బి.పి., షుగర్, బరువు చూశాము. వేలికి పెట్టే చిన్న పరికరంతో రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చూశాము. బాయిలో పని చేసినవారందరినీ వరండాలో ఆరు నిమిషాలు నడిపించి, నడక అయ్యాక మళ్ళీ ఆక్సిజన్ చూశాము. కూర్చున్నప్పుడు బాగానే ఉండి నడిచేసరికి పడిపోయేవారు ఉంటారు. ఈ పరీక్షకు పెద్ద మిషన్లు అక్కరలేదు, గడియారం ఉంటే చాలు.

ఇద్దరిని డాక్టరుగారు ఆపేశారు. ఒకరికి నెల కిందటే గుండెపోటు వచ్చింది. ఇంకొకరి బి.పి. మందులు వాడుతున్నా 190 దగ్గర ఉన్నది. వారికి బాధ కలిగింది, మాకూ కలిగింది. కాని పడవలో నది నడుమ ఉండగా 108 బండి రాదు కదా.

మూడవ మనిషి విషయంలో మాత్రం చాలాసేపు చర్చ జరిగింది. ఆయన ట్రామర్‌గా పని చేసి రిటైరయ్యారు. దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, అంటే నిమోకోనియోసిస్ ఉన్నది. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. ఆయన భార్య మా దగ్గరకు వచ్చి, "అరవై నాలుగేండ్లొచ్చినయి సిస్టరమ్మా, ఆయన ఇంతవరకు సముద్రం చూడలేదు. ఇంకో ఏడు ఆగుదామంటే అప్పటికి ఎట్లుంటడో" అన్నది. నడక పరీక్షలో ఆక్సిజన్ కొద్దిగానే తగ్గింది, కూర్చోగానే మామూలుకు వచ్చింది. డాక్టరుగారు నాలుగు షరతుల మీద ఒప్పుకున్నారు. పీల్చే మందు రెండు సెట్లు ఉండాలి, ఒకటి ఆయన జేబులో, ఒకటి నర్సు సంచిలో. మెట్లు, ఎత్తులు ఎక్కరాదు. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎండలో తిరగరాదు. నర్సు ఆగమంటే ఆగాలి. ఆయన నవ్వి, "ఓవర్‌మన్ మాట ముప్పై నాలుగేండ్లు విన్న, మీ మాట వినలేనా?" అన్నారు.

ధవళేశ్వరం: నీళ్ళను నిలబెట్టిన చోటు

రామగుండంలో రాత్రి రైలెక్కి, విజయవాడలో మారి, మర్నాడు రాజమండ్రి చేరాము. 1900లో కట్టిన హేవ్‌లాక్ వంతెనను పక్కనున్న కొత్త వంతెన మీద నుంచి చూశాము. సాయంత్రం ఎండ తగ్గాక ధవళేశ్వరం వెళ్ళి కాటన్ మ్యూజియం, బ్యారేజీ చూశాము. ఇప్పుడున్న బ్యారేజీ పాత ఆనకట్ట స్థానంలో తరువాతి కాలంలో కట్టినది. కాటన్ దొరగారు 1803 మే 15న పుట్టారు. ఇప్పటికీ ఆ రోజున గోదావరి జిల్లాల రైతులు ఆయన విగ్రహాలకు దండలు వేస్తారు. కరువులు, తుఫానులు చూసి చలించిన మనిషి ఆయన. నీళ్ళు నిలిచాక పంట నిలిచింది, పంట నిలిచాక మనుషులు నిలిచారు. ఆరోగ్యం ఆసుపత్రిలోనే మొదలవుతుందని మేమూ అనుకోము. తిండి, తాగే నీరు ముందు, మేము తరువాత.

దారిలో ఆత్రేయపురం పూతరేకులు కనబడగానే మాలో షుగర్ ఉన్నవారందరూ మా ముఖాలు చూశారు. ఒక్కటి నలుగురు పంచుకుని తినండి అన్నాము. నోరు కట్టేసి యాత్రకు తీసుకుపోతే ఆ యాత్ర ఎవరికి కావాలి? ఒకాయన పులస చేప ఎక్కడ దొరుకుతుందని అడిగారు. అది కొత్త వరద నీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి వచ్చే చేప, వేసవిలో దొరకదు అని హోటలాయన చెప్పాడు.

పాపికొండలు: అందం, జాగ్రత్త

రెండవ రోజు పడవ ప్రయాణం. రెండు వైపులా కొండలు దగ్గరకు వచ్చి, విశాలమైన గోదావరి సన్నని పాయలా మారిపోయే చోటు పాపికొండలు. పేరంటాలపల్లి ఆశ్రమం దగ్గర చల్లని ఊటనీరు ఉంటుంది. అక్కడి గిరిజనులు వెదురుతో చేసిన బొమ్మలు అమ్ముతారు. ఎంత చూసినా తనివి తీరదు.

కాని ఈ దారిలో పోయేవారెవరూ 2019 సెప్టెంబరు 15ను మరచిపోకూడదు. ఆ రోజు దేవీపట్నం దగ్గర కచ్చులూరు వద్ద వరద గోదావరిలో రాయల్ వశిష్ట అనే పర్యాటక బోటు మునిగిపోయింది. అందులో 77 మంది ఉన్నారు. 26 మంది బతికారు, 51 మంది ప్రాణాలు కోల్పోయారు. మన వరంగల్ పక్కన కడిపికొండ నుంచి వెళ్ళినవారు కూడా అందులో ఉన్నారు. మునిగిన వెంటనే పడవలు వేసుకుని వచ్చి బతికినవారిని ఒడ్డుకు చేర్చింది కచ్చులూరు గ్రామస్థులే. నెల దాటాక అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం గారి బృందం ఆ బోటును బయటికి తీసింది. తరువాత కొంతకాలం పడవలు ఆపివేసి, రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టి, తనిఖీ చేసి పంపే పద్ధతి తెచ్చారు.

మేము ఎక్కిన బోటులో బయలుదేరే ముందే లైఫ్ జాకెట్లు ఇచ్చారు. ఉక్కగా ఉన్నదని మాలో ఒకాయన తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. మేము చెప్పబోయేలోగానే పక్కన కూర్చున్న రిటైర్డ్ షాట్‌ఫైరర్ అందుకున్నారు. "టోపీ, ల్యాంపు లేకుండ బాయిల దిగినవా ఏనాడన్న? రూఫ్ పడ్డంక టోపీ పెట్టుకుంటవా?" అన్నారు. ఆయన మారుమాట లేకుండా తొడుక్కుని బెల్టులు బిగించుకున్నారు. మేము అరగంట చెప్పినా అంత బాగా చెప్పలేము. ఒళ్ళో ఉన్న జాకెట్టు నీళ్ళలో పడ్డాక తొడుక్కోవడానికి కుదరదు. బెల్టు బిగించని జాకెట్టు పైకి జారిపోతుంది. పిల్లలకు పిల్లల సైజుదే వేయాలి.

నర్సాపురం, అంతర్వేది: సముద్రం కనబడిన రోజు

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ట అనే పాయలుగా చీలుతుంది. వశిష్ట ఒడ్డున ఉన్నది నర్సాపురం. ఈ రోజు అది చిన్న పట్టణమే అయినా 17వ శతాబ్దంలో డచ్చివారు, ఇంగ్లీషువారు వర్తకం చేసిన రేవు. ఇక్కడి మాధవాయపాలెంలో ఓడలు కూడా కట్టేవారు. ఆ ఊరి పేరును ఇంగ్లీషువారు మడపోలం అని పలికారు. అక్కడి నుంచి పోయిన మెత్తని నూలు బట్టకు కూడా ఆ పేరే పడి, ఐరోపా అంతటా మడపోలం బట్ట అయింది.

నర్సాపురం చుట్టుపక్కల ఇళ్ళలో ఆడవారు అల్లే లేసులు ప్రసిద్ధి. 19వ శతాబ్దంలో మిషనరీ స్త్రీలు నేర్పిన పని ఇది. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అరుగు మీద అల్లుకుంటున్న ఒక పెద్దావిడ, "ఆయ్, కళ్ళు లాగేస్తున్నాయండి" అన్నది. నలభై దాటితే దగ్గరి చూపు తగ్గడం సహజం, కళ్ళద్దాలతో చాలామందికి సరిపోతుంది, అర్ధగంటకొకసారి దూరంగా చూడండి అని మా కంటి విభాగం సిస్టర్ చెప్పింది. ఎక్కడికి పోయినా మా పని మమ్మల్ని వదలదు.

నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద దాటాము. పంటు అంటే మనుషులను, మోటారు సైకిళ్ళను, కార్లను కూడా ఎక్కించుకుని ఏటిని దాటించే పెద్ద బల్లకట్టు వంటిది. అనుకున్న వేళకు కాకుండా రెండు గంటలు ఆలస్యమై, మిట్టమధ్యాహ్నం పంటు మీద నిలబడవలసి వచ్చింది. ఇనుప బల్ల కాళ్ళ కింద కాలిపోతున్నది. మా బృందంలో ఒకావిడకు కళ్ళు తిరిగి కూలబడ్డది. ఆమె బి.పి.కి వాడే బిళ్ళల్లో మూత్రం ఎక్కువగా పోయే మందు కూడా ఉన్నది. ఉప్పగాలి, ఉక్కపోత, చెమట, దానికి తోడు ఆ మందు. మాటలు తడబడలేదు, ఒళ్ళు చెమటగానే ఉన్నది కనుక వడదెబ్బ దాకా రాలేదని గ్రహించాము. పంటు వాళ్ళ గది నీడలో పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి, చీర కొంగు తడిపి మెడకు, చంకలకు పెట్టి విసిరాము. తేరుకున్నాక ఓ.ఆర్.ఎస్. నీళ్ళు కొద్దికొద్దిగా తాగించాము. అవతలి ఒడ్డుకు చేరేసరికి లేచి కూర్చుంది. మన రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటినా పొడిగా ఉంటుంది. తీరంలో 38 డిగ్రీలే ఉన్నా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అంకె తక్కువ కదా అని మోసపోకూడదు.

సాయంత్రం అయిదు గంటలకు అంతర్వేది చేరాము. వశిష్ట పాయ సముద్రంలో కలిసే చోటు ఇది. లక్ష్మీనరసింహస్వామి ఆలయం, లైట్‌హౌస్, నది నీళ్ళకూ సముద్రపు నీళ్ళకూ మధ్య నిలిచిన అన్నాచెల్లెళ్ళ గట్టు చూడటానికి జనం వస్తారు. ఇసుకలో నడక మామూలు నేల మీద నడక కంటే ఎంతో కష్టం. ట్రామర్ పెద్దాయన యాభై అడుగులు వేసేసరికి ఆయాసం అందుకుంది. సిస్టర్ ఆగమన్నది. షరతు ప్రకారం ఆయన ఆగారు. ముందుకు వంగి చేతులు మోకాళ్ళ మీద ఆనించి, పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా ఊపిరి వదలమని చెప్పి, పీల్చే మందు ఇచ్చాము. పావుగంటలో ఆక్సిజన్ మామూలుకు వచ్చింది. అంతలో అక్కడి చేపల వ్యాపారి ఒకతను ఏమీ అడగకుండానే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. మా వార్డు బాయ్‌లు ఇద్దరు పెద్దాయనను కుర్చీతో సహా ఎత్తి నీళ్ళ అంచున దించారు.

చాలాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు. అల కాళ్ళను తడిపి పోయింది. తరువాత, "ఇది మనూరి నీళ్ళేనా?" అని అడిగారు. అవును, పైన మన దగ్గర నుంచి వచ్చినవే అన్నాము. "నాకన్న ముందు వచ్చినయి" అన్నారు. ఆయన భార్య పక్కనే ఇసుకలో కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకున్నది.

మేము దిగిపోయిన పడవ

ఆ తరువాత ఒక రేవులో, పేరు ఇక్కడ అవసరం లేదు, పాయల్లో రెండు గంటలు తిప్పే పడవకు ముందే డబ్బు కట్టాము. ఎక్కి కూర్చున్నాక చూస్తే అప్పటికే వేరే యాత్రికులు 20 మంది ఉన్నారు. మాతో కలిపి 49 మంది. పడవ పక్కన 32 మందికి అనుమతి అని రంగుతో రాసి ఉన్నది. మా బృందంలోని రిటైర్డ్ ఓవర్‌మన్ లేచి జాకెట్లు లెక్కపెట్టారు. 30 ఉన్నాయి, వాటిలో బెల్టులు తెగినవి ఆరు. పడవవాళ్ళను అడిగితే, "రోజూ తిప్పుతున్నామండి, ఏమీ కాదండి" అన్నారు.

ఓవర్‌మన్ గారు మా వైపు తిరిగి, "మ్యాన్ రైడింగ్ బండిల ఒక్కడు ఎక్కువెక్కితే ఆపరేటర్ కదపడు. ఇదెట్ల కదులుతది? దిగుండ్రి" అన్నారు. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వమన్నారు. మాలో కొందరు గొణిగారు, ఇంత దూరం వచ్చి వెనక్కి పోవాలా అని. అయినా 29 మందిమీ దిగిపోయాము. మేము దిగాక మిగిలిన 20 మందికి మంచి జాకెట్లు సరిపోయాయి, పడవ బయలుదేరి వెళ్ళింది, క్షేమంగా తిరిగి వచ్చింది. అయితే ముందు అనవసరంగా భయపడ్డామా? కాదని మా అభిప్రాయం. గనిలో ప్రమాదం జరగని రోజున కూడా గ్యాస్ పరీక్ష చేస్తారు. అంతే ఇది. మనం పోగొట్టుకున్నది కొన్ని వేల రూపాయలు మాత్రమే.

యానాం, కోరంగి: ఓడలు మరచిన రేవులు

నాలుగవ రోజు యానాం. గౌతమి ఒడ్డున ఉన్న ఈ ఊరు 18వ శతాబ్దం మొదలు 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉన్నది. చుట్టూ ఆంధ్ర నేల ఉన్నా పరిపాలన ఇప్పటికీ పుదుచ్చేరిదే. గోదావరి ఒడ్డు షికారుకు చక్కగా ఉంటుంది. నర్సులుగా మాకు ఆసక్తి కలిగించిన సంగతి ఇంకొకటి ఉన్నది. బాల్యవివాహాలను ఆపడానికి శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చింది. ఆ చట్టం ఫ్రెంచి నేల మీద వర్తించదు. దాంతో చుట్టుపక్కల వారు పసిపిల్లలను తెచ్చి ఇక్కడ పెళ్ళిళ్ళు చేశారు. అందుకే యానానికి కల్యాణపురం అనే పేరు కూడా పడింది. చట్టం ఏరు దాటలేకపోతే జనం ఏరు దాటారు. చిన్న వయసు కాన్పుల కష్టం ఇప్పటికీ లేబర్ రూములో చూస్తున్నవారిగా చెబుతున్నాము, చట్టం ఒక్కటే చాలదు. ఇంట్లో పెద్దలకు తెలియాలి.

యానాం దాటగానే కోరంగి. ఒకప్పుడు తూర్పు తీరంలో పేరున్న ఓడరేవు, ఓడలు కట్టే చోటు. ఇక్కడి నుంచి తెలుగువారు బర్మాకు ఎంతగా వెళ్ళారంటే, అక్కడ మనవారిని కోరంగీలు అనే పిలిచేవారు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి తుఫాను ఉప్పెనలు వచ్చి ఊరిని ముంచేశాయి. ఆ దెబ్బకు రేవు మళ్ళీ కోలుకోలేదు, వర్తకం కాకినాడకు మారింది.

ఆనాటి ఓడల్లో నావికులను తుఫాను కంటే ఎక్కువగా చంపినది స్కర్వీ జబ్బు. చిగుళ్ళు చెడి, పాత గాయాలు తిరగబెట్టి మనుషులు చనిపోయేవారు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు 12 మంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కొక్క జతకు ఒక్కొక్క రకం వైద్యం చేశాడు. నారింజ, నిమ్మ పండ్లు తిన్న ఇద్దరే త్వరగా లేచారు. మన ఇంటి ముందు బండి మీద దొరికే నిమ్మకాయ, జామకాయ, ఉసిరికాయ విలువ అదే.

ఇప్పుడు కోరంగిలో చూడవలసినది మడ అడవి. 1978లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 235 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. చెక్కల వంతెన మీద మెల్లగా నడుస్తూ చూడవచ్చు, ఎత్తులు ఎక్కవలసిన పని లేదు. బురదలో నుంచి వేలెడేసి మేకుల్లాగా వేళ్ళు పైకి పొడుచుకుని వచ్చి ఉంటాయి. ఉప్పు బురదలో గాలి ఉండదు కనుక చెట్టు ఆ వేళ్ళతోనే ఊపిరి పీల్చుకుంటుందని గైడు చెప్పాడు. ట్రామర్ పెద్దాయన ఆగి, "చెట్టుకు సుత దమ్ము కావాలె" అన్నారు. ఈ అడవులు అలల జోరును తగ్గించి ఊళ్ళను కాపాడతాయి. 1996 నవంబరు 6న కాకినాడ, యానాం ప్రాంతాలను అతలాకుతలం చేసిన తుఫానును గుర్తున్నవారు ఈ చెట్ల విలువను తేలికగా తీసుకోరు.

అటవీ శాఖ పడవలు పోటు, ఆటు చూసుకుని నడుస్తాయి. మేము పోయినప్పుడు నీరు సరిపడా ఉన్నది. ఇక్కడ పడవకు తగిన జనమే, జనానికి తగిన జాకెట్లే ఉన్నాయి. నిన్న దిగిపోయిన వారందరమూ ఈ రోజు నిశ్చింతగా ఎక్కాము.

సమయం ఉన్నవారు బందరు కూడా చూడవచ్చు. ఇంగ్లీషువారు 1611లో అక్కడ వర్తకస్థానం పెట్టారు. 1864 నవంబరు 1 ఉప్పెనలో ఆ ప్రాంతంలో సుమారు 30,000 మంది చనిపోయారు. భీమునిపట్నంలోనూ, బందరులోనూ డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీద వయసులు చదివితే చాలామంది ఎంత చిన్నవయసులో పోయారో తెలుస్తుంది. పెద్ద ఓడ గురించి కూడా కొందరు అడుగుతున్నారు. 2022 జూన్‌లో విశాఖ నుంచి చెన్నై దాకా ఎంప్రెస్ అనే విహార నౌక నడిచింది. 2023 సెప్టెంబరులో విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అటువంటి ఓడల్లో వందలమంది ఒకేచోట తింటారు కనుక వాంతులు, విరేచనాల వైరస్ త్వరగా పాకుతుంది. సీసాలోని శానిటైజర్ దానికి సరిపోదు, సబ్బుతో చేతులు కడగాలి.

మీరు పోయేముందు

పాఠకులారా, మా అనుభవం నుంచి ఈ మాటలు గుర్తు పెట్టుకోండి.

1. ప్రయాణానికి పది రోజుల ముందే చూపించుకోండి. గుండెపోటు, ఆపరేషన్ ఈ మధ్యనే అయినవారు డాక్టరు అనుమతి లేకుండా బయలుదేరవద్దు.

2. మందులు రెండు సంచుల్లో పెట్టండి. చీటీ జిరాక్స్ ఒకటి జేబులో ఉంచండి. ఇన్సులిన్‌ను తడి గుడ్డ చుట్టిన చిన్న కుండలో చల్లగా ఉంచండి, ఐసు మీద నేరుగా పెట్టవద్దు. పీల్చే మందు డబ్బాను ఎండలో, కారు అద్దాల వెనుక వదలవద్దు.

3. మూత్రం ఎక్కువగా పోయే బి.పి. మందు వాడేవారు ఎండాకాలం మోతాదు గురించి డాక్టరును అడగండి. మీ అంతట మీరు మానవద్దు.

4. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఒక రోజు దాటితే పారబోయండి.

5. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, స్పృహ తప్పుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒంటి నిండా నీళ్ళు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు. జ్వరం బిళ్ళ ఇక్కడ పని చేయదు.

6. పడవలో కడుపు తిప్పేవారు నడుమ భాగంలో కూర్చుని దూరపు ఒడ్డును చూడాలి. ఫోను చూడరాదు. వాంతి బిళ్ళ బయలుదేరడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. వాటితో మత్తు వస్తుంది. గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవారు అడగకుండా వేసుకోవద్దు.

7. ఎవరైనా నీళ్ళలో పడితే ఈత బాగా వచ్చినా వెంటనే దూకవద్దు. తాడు, వెదురు గడ, చీర, ఖాళీ డబ్బా ఏదైనా అందించండి. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం తప్పు. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి ఇచ్చి, తరువాత 30 సార్లు ఛాతీ నొక్కి 2 ఊపిరులు, ఇలా సాయం వచ్చేదాకా చేయాలి. తేరుకున్నా ఆసుపత్రిలో చూపించాలి.

8. ఎక్కేముందు మూడు లెక్కలు చూడండి. పడవకు అనుమతి ఎంతమందికి? ఎక్కినవారు ఎందరు? పనికొచ్చే జాకెట్లు ఎన్ని? లెక్క కుదరకపోతే దిగిపోండి. సిగ్గుపడవద్దు.

మన కాలనీల్లో యాత్రలకు పోయే సంఘాలవారు, స్కూళ్ళవారు ముందుగా చెబితే మా సిస్టర్లు వచ్చి బి.పి., షుగర్, నడక పరీక్షలు చేసి, ఊపిరి ఇచ్చే పద్ధతి బొమ్మ మీద నేర్పుతారు. ఇందుకు రుసుము లేదు. క్రిందటి యాత్రకు ఆగిపోయిన ఇద్దరిలో ఒకరి బి.పి. ఇప్పుడు అదుపులోకి వచ్చింది. ఉప్పు తగ్గించి, బిళ్ళలు మానకుండా వేసుకుంటూ, రోజూ ఉదయం స్టేడియంలో నడుస్తున్నారు. వచ్చే వేసవి జాబితాలో మొదటి పేరు ఆయనదే రాసుకున్నాము.